గేటు నుంచి కుర్చీ దాకా

మా అమ్మ ఫిషింగ్ హార్బర్‌లో నలభై ఏళ్ళు చేపలమ్మింది. వన్ టౌన్‌లో ఇంట్లో ఉండేది మేమిద్దరమే. కిందటేడు ఒకరోజు బాత్రూములో జారిపడి, నేను ల్యాబ్ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆ తడి నేల మీదే ఉండిపోయింది. ఆ సాయంత్రం తనే అంది, "నువ్వు డ్యూటీకి ఎల్తే నాకు బయమేత్తందే. నలుగురున్న సోట నన్ను పెట్టీయే."

అక్కడ మొదలైంది నా తిరుగుడు. పెద్దవాళ్ళ సహాయానికని పెట్టిన నంబరుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, కాసేపు సంగీతం వినిపించి కట్టయిపోయింది. వార్డు సచివాలయంలో అడిగితే "పింఛనైతే చెప్పండమ్మా, చేస్తాం" అన్నారు. ఏజెన్సీ పంపిన ఆయా మూడో రోజు నుంచి ఫోనెత్తలేదు. ఇక వృద్ధాశ్రమాలు! ఏ మెట్టెక్కినా ఒకటే ప్రశ్న: "ఆవిడ పనులు ఆవిడే చేసుకుంటారా?" చేసుకోగలిగితే మీ గుమ్మం ఎందుకు తొక్కుతానండీ? వీళ్ళకి ముసలితనం లేని ముసలివాళ్ళు కావాలి. తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి మధురవాడలో ఒక హోమ్ దొరికింది. ఆదివారం చేపల కూర కూడా పెడతారట. అక్కడా అదే షరతు, మనిషి సొంతంగా నడవాలి. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని నిజం చెప్పేయాల్సింది. చెప్పలేదు. వారం రోజులు మా వరండాలో అమ్మకి నడక నేర్పాను. "గేటు నుంచి కుర్చీ దాకా, అంతే. కర్ర వద్దు. మూలగొద్దు."

ఆదివారం అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, పళ్ళు బిగించి, గేటు నుంచి కుర్చీ దాకా నడిచేసింది. మేనేజరమ్మ ఫారం తీసి పెన్ను మూత విప్పింది. హమ్మయ్య అనుకున్నాను.

ఎదురుగా వంటగదిలో వంటావిడ కానాగంత చేపలు కోస్తోంది. అమ్మ చూపు అటు పడింది. నేను పట్టుకునేలోపే కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచి, గోడ పట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

"ఓలమ్మ! సేపని అలగ కోత్తారేటే? పిత్తం సితికితే కూరంతా సేదైపోద్ది. లెగు, లెగు!"

ఆమెని లేపేసి, కత్తిపీట ముందు తను గొంతుక్కూర్చుంది. బుట్టెడు చేపలు చూస్తుండగానే తేల్చేసింది. వంటావిడ నోరెళ్ళబెట్టింది. నాకూ, దాచడమెందుకు, గర్వంగానే ఉంది. అప్పుడు అమ్మ నేల మీద చెయ్యి ఆన్చింది. లేవలేకపోయింది. మళ్ళీ ఆన్చింది. వంటావిడా నేనూ చెరో రెక్క పట్టుకుని లేపాం.

మేనేజరమ్మ పెన్నుకి మూత పెట్టేసింది. "సారీ అమ్మా. ఈవిడని లేపడానికి ఒక మనిషి కావాలి కదా."

"ఆ మనిషి కోసమే కదండీ మీ దగ్గరికొచ్చింది!" అని అరిచాను. అరిచి ఏం లాభం? ఫారం సొరుగులోకి వెళ్ళిపోయింది.

ఆటోలో అమ్మ మీద విరుచుకుపడ్డాను. కోపమొస్తే నాకూ హార్బర్ భాషే వస్తుంది. "కత్తిపీట కాడ నిన్నెవులు కూకోమన్నారమ్మా? పది నిమిషాలు ఆ కుర్సీలో ఉండలేకపోనావా?"

"సేప పాడైపోతందే," అంది.

ఒళ్ళు మండిపోయింది. హనుమంతవాక జంక్షన్ దాటేదాకా తిడుతూనే ఉన్నాను. నా నోరు అలిసిపోయాక అమ్మ మెల్లగా అడిగింది.

"రేపు నీకు డ్యూటీ ఉందేటే?"

"ఉంది."

చేప వాసన కొడుతున్న చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.