అంబలి మ్యూజియంలో చివరి కుండ

మొన్న మా మనవరాలు కాగితపు గ్లాసులో రాగి అంబలి కొని తెచ్చింది. మూత తియ్యగానే ఆ పులిసిన వాసనకి నెల్లిమర్ల దగ్గరి ఒక పెంకుటిల్లు, లోటా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అప్పలనాయుడు మాస్టారు గుర్తొచ్చారు.

పందొమ్మిది వందల అరవైల చివర్లో ఆ ఊరి బడికి పంతులమ్మగా వెళ్ళాను. మాది నరసన్నపేట వైపు, వరి అన్నం తప్ప ఎరగని ఇల్లు. నాకు గది అద్దెకిచ్చిన మాస్టారు అప్పటికే రిటైరయ్యారు. వారి ముందుగది తలుపు మీద సుద్దతో ‘అంబలి మ్యూజియం’ అని రాసి ఉంటే నవ్వొచ్చింది. లోపల తిరగలి, తెడ్లు, పొలానికి అంబలి మోసుకెళ్ళే ఆనపబుర్రలు, మసిబారిన కుండలు. ఊళ్ళోవాళ్ళు ఆయనకి మతి చలించిందనేవారు. జూటు మిల్లుకి వెళ్ళేవాళ్ళు మాత్రం ఆగి చూసేవారు. టిక్కెట్టు లేదు, షరతొకటే.

“ముందు తాగాల, తరవాత సూడాల,” అంటూ నా చేతిలో లోటా పెట్టారు. నేను ముఖం చిట్లిస్తే, “మా సూరమ్మ ఉంటే మీ మొగం సూసి నవ్వీది,” అన్నారు.

సూరమ్మగారు ఆయన భార్య. ఆవిడ పోయాక, ఆచారం ప్రకారం పాత కుండలు బయట పారేయబోతే మాస్టారు అడ్డం పడ్డారట. మ్యూజియం అలా పుట్టింది. చివరి కుండని మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. అందులో వేపాకు కలిపి దాచిన విత్తనపు చోళ్ళు, అంటే రాగులు, ఉన్నాయి. మూతిగుడ్డకి బిగించిన తాడు ముడి ఆవిడ చేత్తో వేసిందే.

ఆ ఏడు తొలకరి మొహం చూపించి మాయమైంది. పక్కింటి గౌరమ్మ వేసిన చోడి నారు ఎండిపోయింది. మళ్ళీ వాన పడ్డ రోజు ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మాస్టారూ, నారు మాడిపోనాది. ఉన్న గింజలు పిల్లలకి అంబలి కాసి పోసీసినాను. ఇప్పుడు సల్లకపోతే ఏడాదంతా ఏటి తింటాం?”

మాస్టారు లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. ఆ కుండలో గింజలు ఇవ్వరనే అనుకున్నాను.

సాయంత్రం నన్ను పిలిచారు. “పంతులమ్మా, నాకు సేతులు రావడం నేదు. ముడి ఇప్పకండి. తాడు పైకి జరిపి తీసీయండి.”

మూతిగుడ్డ చుట్టూ మెత్తిన మట్టి తడిపి, మెల్లగా తాడు జరిపాను. “పాత గింజ. మొలవకపోతే గౌరమ్మకీ దక్కదు, నాకూ దక్కదు,” అన్నారు. గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూట కట్టాం. ఆ రెండ్రోజులూ ఆయన సరిగ్గా భోజనం చెయ్యలేదు.

మూట విప్పితే తెల్లటి మొలకలు. “సూరమ్మా, మొలిసినాయే!” అని ఆ గుడ్డ కళ్ళకద్దుకుని పైకే ఏడ్చారు. తర్వాత కుండ తనే ఎత్తుకెళ్ళి గౌరమ్మకి ఇచ్చారు.

ఖాళీ కుండ మళ్ళీ యథాస్థానానికి చేరింది, విప్పని ముడితో తాడు దాని మెడలోనే ఉంది. ఇందులో ఏముందని ఎవరైనా అడిగితే, “గౌరమ్మ సేలో ఉన్నాది, ఎల్లి సూడండి,” అనేవారు. పంట చేతికొచ్చాక గౌరమ్మ మొదటి అంబలి ఆయనకే తెచ్చింది. ఆయన సగం తాగి, మిగతాది నాకిచ్చారు. ఆ రోజు నేను ముఖం చిట్లించలేదు.

మావారు పోయాక ఆయన సైకిలుకి తాళం వేసి వరండాలో పెట్టుకున్నాను. రోజూ తుడిచేదాన్ని. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ ఆ కుండ గుర్తొచ్చింది. సైకిలు పాలబ్బాయికి ఇచ్చేశాను. ఇప్పుడు తెల్లవారుతూనే వీధి చివర మావారి సైకిలు గంట వినిపిస్తుంది. ఒక్కోరోజు ఏడుపొస్తుంది. అయినా పాలగిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళ్తాను.