పడవ మీద రాసిన నంబరు

మా అత్తకు మావయ్య పంపిన ఒక వాయిస్ మెసేజ్‌ను ఆమె కంటే ముందు నేను విన్నాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అన్నీ రాసుకునే డైరీలో కూడా, ఆ రోజు పేజీలో వాన పడిందనీ నెత్తళ్ల చేపలు ఎండలేదనీ మాత్రమే రాశాను.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వచ్చే మా ఊళ్లో చాలామంది మగవాళ్లలాగే ఆయన కూడా ఏటా గుజరాత్ రేవులకు వెళ్లి, పెద్ద బోట్ల మీద పనిచేసి ఏడెనిమిది నెలల తర్వాత వస్తాడు. బోటు రేవుకు చేరిన రోజు ఫోన్‌కు సిగ్నల్ అందుతుంది. ఆయనకు రాయడం ఇష్టం లేదు, అత్తకు చదవడం రాదు. అందుకని గొంతు పంపిస్తాడు. ఎండు చేపలు ఏరుకుంటూ అత్త వాటినే మళ్లీ మళ్లీ పెట్టుకుని వింటుంది. ఆ సమయంలో ఎవరైనా వస్తే ఫోన్ బోర్లా పెట్టేస్తుంది.

ఆ రోజు అత్త, వాళ్ల ఇంట్లో ప్లగ్గు పాడైందని ఫోన్‌ను మా ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి, తట్ట ఎత్తుకుని శ్రీకూర్మం వెళ్లింది. కాసేపటికి ఫోన్ మోగి ఆగింది. తెర నాలుగంకెలు అడుగుతోంది. కిటికీలోంచి చూస్తే ఇసుక మీద మావయ్య సొంత ఫైబర్ పడవ కనిపిస్తోంది. ముక్కు దగ్గర నీలం రంగు మీద తెల్లగా, మూరెడు అక్షరాలతో దాని నంబరు ఉంది. చివరి నాలుగంకెలు కొట్టాను. తెరుచుకుంటుందో లేదో చూద్దామని తప్ప నాకు వేరే ఆలోచన లేదు. తెరుచుకుంది. అక్కడితో ఆగి ఉంటే దీన్ని దాచుకోవలసిన పని ఉండేది కాదు.

ఏం విన్నానో ఇక్కడ కూడా పూర్తిగా రాయను. సముద్రం మీద గాలి తిరగబడిన ఒక రోజు గురించి చెప్పాడు. వీధిలో నడుస్తూ కూడా ఎవరినో ఒకరిని కసురుకునే మనిషి ఆయన; ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు. మిగతాది అత్తది.

తప్పు చేశానన్న భయం రెండు రోజుల్లో తగ్గింది కానీ, ఆ నంబరు మీద కుతూహలం తగ్గలేదు. అత్త ఒక్కతేనా ఇలా? నేను శ్రీకాకుళంలో ఒక కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తాను. రోజూ బస్సులో మా వీధివాళ్లు ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు. నేను ఎక్కువ మాట్లాడను కాబట్టి పక్కన ఒక మనిషి ఉన్నట్టే వాళ్లకు గుర్తుండదు. ఫోన్ తీసి, అంకెలు పైకి గొణుక్కుంటూ మరీ కొడతారు. సాయంత్రం ఒడ్డున నడుస్తూ ఆ అంకెల కోసం పడవల ముక్కులు చూసేదాన్ని. చాలావరకు దొరికేవి. పడవ లేనివాళ్లు అన్న పడవదో, మావ పడవదో పెట్టుకున్నారు. మళ్లీ ఎవరి ఫోనూ తెరవలేదు. కానీ మా వీధి తాళాలన్నీ ఇసుక మీద వరసగా ఆరబెట్టి ఉన్నాయని డైరీలో రాసుకున్నాను. ఆ డైరీకి అట్ట వేసి పైన ‘అకౌంటెన్సీ’ అని రాశాను. మా ఇంట్లో దాన్ని తెరిచే మనిషి లేడు.

ఇది తెలివితక్కువతనం అనిపించలేదు నాకు. మా దగ్గర నంబరు అనేది కనబడటానికీ వినబడటానికీ ఉంటుంది. పడవ నంబరు దూరం నుంచి కనబడాలి. తెల్లవారి ఒడ్డున చేపల వేలం పాట జరిగేటప్పుడు, పాట పెంచే ఆడవాళ్ల గొంతు చివరి గుంపుకు కూడా వినబడాలి. అత్తకు అక్షరాలు రావు కానీ అంకెలు బాగా వచ్చు. పాటలో ఆమె గొంతుకు పేరుంది.

అలాంటి గొంతుతోనే ఒక ఆదివారం ఉదయం, గుమ్మంలో నిలబడి ఫోన్‌లో ఎవరికో ఆరంకెలు చెప్పింది. అవతలివాళ్లకు సరిగ్గా వినబడలేదేమోనని రెండోసారి ఇంకా గట్టిగా, ఒక్కో అంకె విడదీసి చెప్పింది. గోడకు ఇవతల నేను పుస్తకం చదువుకుంటున్నాను. ఆ అంకెలు నాకూ వినబడ్డాయి, ఎదురింటివాళ్లకూ వినబడ్డాయి. నేను లేచి వెళ్లేసరికి ఫోన్ పెట్టేసింది.

“ఎవరత్తా?”

“ఎవరో బాబు. గుజరాత్ ఎల్లినోళ్ల ఇళ్లకి గ్రూపు ఎట్టినారంట. బోటు ఎక్కడున్నాదో దాన్లో తెలుస్తాదంట. నీకో నంబరొస్తాది, సెప్పమ్మా అన్నాడు. సెప్పినాను.”

“ఆ నంబరు ఎవరికీ చెప్పొద్దని ఫోన్ చేసినప్పుడల్లా ముందు వస్తుంది కదత్తా, వినలేదా?”

“ఇన్నాను. దాన్ని ఎవులు పట్టించుకుంటారే? రింగుకి ముందు పాట లాగ.”

ఆమె మీద కోపం రాలేదు. బోటు ఎక్కడుందో తెలుస్తుందంటే మా వీధిలో ఎవరైనా చెప్పేస్తారు. అడిగినవాడికి ఆ సంగతి తెలుసు.

కాసేపటికి ఫోన్ పట్టుకుని అత్తే వచ్చింది. “ఏటో ఇంగ్లీసులో వస్తన్నాది, సూడు.” మీ నంబరు వేరే ఫోన్‌లో నమోదైంది అని ఉంది. మెసేజీల యాప్ మమ్మల్ని బయట నిలబెట్టింది. చదివి చెప్పాను. అత్త అడిగింది ఒక్కటే.

“మీ మావ మాటలు ఏవయినాయి?”

నాకు తెలియదని చెప్పాను. అంతవరకూ పుస్తకంలాగా చదువుకుంటూ వచ్చిన ఈ వ్యవహారం అప్పుడు బరువెక్కింది. ఆ సీజనంతా ఆయన పంపిన మాటలు ఆ యాప్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

బజారులో ఫోన్లు బాగుచేసే షాపుకు వెళ్లాం. షాపతను చూసి, “ఈ యాప్ పీకేసి మళ్లీ ఎక్కిద్దాం, ఐదు నిమిషాల పని” అన్నాడు. అత్త తల ఊపేసింది. నేను కొత్తవాళ్లతో మాట్లాడాలంటే ముందు రెండుసార్లు మనసులో అనుకుంటాను. అప్పుడు అనుకోలేదు. “వద్దు, తీసేయొద్దు” అన్నాను. షాపులో ఉన్నవాళ్లందరూ నావైపు తిరిగారు. మెసేజీల కాపీ ఎక్కడా దాచి ఉండదు, యాప్ తీసేస్తే లోపలివన్నీ పోతాయి అని నేల చూస్తూ చెప్పాను. ఆయన సెట్టింగులు చూసి, “నిజమేనమ్మా, కాపీ పెట్టలేదు” అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. దారిలో అత్త, “ఏటే గుంటా, నీకు గొంతున్నాదా?” అంది.

ఇంటికొచ్చి, యాప్‌లో మళ్లీ ఆమె నంబరే కొట్టి కొత్త కోడ్ తెప్పించాం. దాంతో ఆ మనిషి బయటికి పోయాడు. కానీ లోపలికి మేమూ వెళ్లలేకపోయాం. వాడు లోపల ఉండగానే సొంతంగా ఇంకో ఆరంకెల తాళం వేశాడు. అది తెలియకపోతే వారం రోజులు ఆగాలి. సైబర్ నేరాల నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అత్త ఫోన్‌లో నంబర్లున్న ప్రతి ఇంటికీ, ఆమె పేరుతో డబ్బు అడిగితే పంపొద్దని నేనే చెప్పాను. సముద్రం మీద ఉన్న మావయ్యకు కూడా ఒక మెసేజ్ పెట్టాను, సిగ్నల్ వచ్చినప్పుడు చూసుకుంటాడని. అంతమందితో నేను ఒక్క రోజులో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ వారంలో అత్త మావయ్య గొంతు లేకుండానే చేపలు ఏరేది. ఒకసారి అడిగింది, “ఆడు ఇని ఉంటాడేటే, మీ మావ మాటలు?”

వాడి ఫోన్‌లోకి పాత మాటలు రావు, అవి నీ ఫోన్‌లోనే ఉంటాయి అని చెప్పాను. ఆమె ఊపిరి వదిలింది. వాడు వినలేదు. విన్నదాన్ని నేను, ఆమె పక్కనే కూర్చుని నెత్తళ్లలో రాళ్లు ఏరుతున్నాను.

చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. “అత్తా, మావ వల వేసే చోటుకి గురుతు నీకు తెలుసా?”

మా వైపు ఒడ్డు దగ్గర వేటకు వెళ్లేవాళ్లు, చేప పడే చోటును ఒడ్డు మీద ఉన్నవాటితో గుర్తు పెట్టుకుంటారు. ఫలానా కొండ కొమ్ము, ఫలానా సరుగుడు తోట చివర ఒకే గీత మీదికి వస్తే అక్కడ అన్నమాట. దాన్ని గురుతు అంటారు. ఒక ఇంటి గురుతు పక్కింటికి తెలియదు.

“తెలుసు. మా మావగారు పోయేముందు మీ మావకి సెప్పినాడు. మీ మావ నాకు సెప్పినాడు.”

“నాకు చెప్పు.”

అత్త చేతిలో చేప ఆగింది. “నీకేటి పనే దాంతో?”

“పోనీ, మా అమ్మకు చెప్తావా? ఆయనకి సొంత అక్క కదా.”

“మీ అమ్మకీ సెప్పను. దేవుడొచ్చి అడిగినా సెప్పను. ఒకల నోట పడితే రేపు పది పడవలు అక్కడే ఉంటాయి.”

“ఫోన్‌కి వచ్చే ఆరంకెలు కూడా గురుతే అత్తా.”

ఆమె నా ముఖం చూసింది. తర్వాత ఒడ్డు వైపు, పడవ వైపు చూసింది. “మరి అలా సెప్పొచ్చు కదా ఆ ఫోన్లో ఆవిడ” అంది. “నంబరు సెప్పొద్దు, నంబరు సెప్పొద్దు అంటాది. నంబరంటే సెప్పడానికే కదా అనుకున్నాను.”

“పడవ మీద నంబరు ఫోన్‌కి పెట్టుకోవడం కూడా…”

“తెలిసిందిలే. గురుతు తెచ్చి పడవ మీద రాసుకున్నట్టు.”

వారం దాటిన రోజు ఉదయం నేను సెలవు పెట్టాను. కోడ్ వచ్చింది. అత్త దాన్ని పెదవి కదపకుండా చదువుకుని తనే కొట్టింది. తెర ఒక క్షణం తెల్లగా తిరిగి, తెరుచుకుంది. మావయ్య పేరు కింద మాటలన్నీ వరసగా ఉన్నాయి. ఆమె వేలితో పైకి జరుపుతూ, ఒక్కొక్కటీ ముట్టకుండానే చూసుకుంది.

తర్వాత తాళాలు మార్చాం. వేరే ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఈ యాప్ తెరిచి ఉందేమో చూశాను, లేదు. ఎవరికైనా కోడ్ పొరపాటున చెప్పినా లోపలికి రానివ్వని ఇంకో ఆరంకెలు పెట్టుకోవాలన్నాను. పడవ నంబరు వద్దు, పుట్టినరోజులు వద్దు, ఆధార్‌లోవి వద్దు. అన్నీ వద్దంటే ఇంకేటి మిగిలిందే అంటూ గుమ్మంలో కూర్చుని ఆలోచించింది. నన్ను గోడ వైపు తిరగమంది. తిరిగాను. గోడ మీద పోయిన ఏటి క్యాలెండర్ ఉంది. వెనక వేలిగోరు తెర మీద టకటకమనడం లెక్కపెట్టకూడదని క్యాలెండర్‌లో పండగలు చదువుకున్నాను.

“ఇంక తిరుగు” అంది. ఫోన్ నా ముందు పెట్టి, మాటల పక్కన ఉండే చిన్న మైకు బొమ్మను గోరుతో చూపించింది. “ఇది సూడు. ఇననంతసేపు పచ్చగా ఉంటాది. ఇన్నాక నీలం అయిపోతాది. నాకు అచ్చరం రాదు గానీ రంగు తెలుస్తాది కదే. అన్నీ నాను ముట్టుకున్నాకే నీలం అయినాయి. ఒక్కటి మాత్రం, మీ ఇంట్లో చార్జింగ్ ఎట్టిన రోజుది, నానొచ్చేసరికే నీలంగా ఉన్నాది.”

ఆమె గొంతులో కసురు లేదు. చేపల బుట్ట దగ్గరికి జరుపుకుని మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, “కొత్త అంకెలు మర్చిపోతే ఇబ్బంది కదత్తా, చెబితే నా డైరీలో ఎవరికీ తెలియకుండా రాసిపెడతాను” అన్నాను. అన్న తర్వాత ఏమన్నానో నాకే తెలిసింది.

అత్త నెత్తళ్లలోంచి ఒక పీత పిల్లను తీసి ఇసుకలోకి విసిరేసింది.

“ఇన్నకాడికి ఇన్నావు గానీ, ఇంక సాలు.”