పన్నెలో వదిలిన జానెడు పోగులు

చైతన్యపురి మెట్రో స్టేషన్ దగ్గర, చెప్పుల షాపు పైన మూడో అంతస్తులో ఒక ఫ్యాషన్ కాలేజీ ఉంది. అక్కడి ముప్పై రెండు కుట్టుమిషన్లు, ఒక చేనేత మగ్గం నా చేతి కింద ఉంటాయి. మిషన్లు విప్పి, చెడగొట్టి, మళ్లీ బిగించి నేర్చుకున్నాను. మగ్గం మాత్రం నాకు లొంగలేదు. కొమురమ్మ వచ్చేదాకా దాని మీద పిల్లలు బ్యాగులు తగిలించేవారు.

కొమురమ్మకు అరవై నాలుగేళ్లు. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గాల ఇంటికే కోడలైంది. ఇరవై ఏళ్ల కిందట సరూర్‌నగర్‌కు వచ్చి చీరలకు ఫాల్స్ కుడుతోంది. కాలేజీలో బట్టల పాఠం చెప్పే మాలతి మేడానికి పెద్దమ్మ. సిలబస్‌లో సస్టైనబుల్ టెక్స్‌టైల్స్ అని కొత్త పేపర్ చేరినప్పుడు, మేడం ఆమెను వారానికో రోజు రమ్మంది.

మొదటి రోజే మృదుల అనే అమ్మాయి నోట్‌బుక్ తెరిచి, "అమ్మా, సస్టైనబుల్ అంటే మీ మాటల్లో చెప్పండి" అంది. వాళ్లది ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ గుంటూరు కుటుంబం.

"గా ముచ్చట మాలతి చెప్తది. నువ్వు నీ చున్నీకెళ్లి ఒక్క పోగు తియ్యి."

కొమురమ్మ ఆ పోగు పురి విప్పి, రెండు వేళ్ల మధ్య రాసి, "సగం ప్లాస్టిక్" అంది. నేను అగ్గిపుల్ల గీశాను. పత్తి అయితే కాగితంలా కాలి మెత్తని బూడిద రాలుతుంది. ఇది కరిగి, చివర నల్లటి పూస కట్టింది.

"లేబుల్ మీద ప్యూర్ కాటన్ అని ఉందండీ!"

"లేబుల్ గూడ ప్లాస్టిక్కే బిడ్డ."

క్లాసంతా నవ్వింది. మృదుల నవ్వలేదు. ఆ రోజే తన ఫైనల్ ప్రాజెక్టు మార్చుకుంది. తన చేత్తో నేసిన మీటరు నూలు బట్ట చూపిస్తానని రాసిచ్చింది. అది సమయానికి చూపకపోతే డిప్లొమా ఆర్నెల్లు వెనక్కి పోతుంది.

శుక్రవారం పరీక్ష అనగా, సోమవారం కొమురమ్మ నేతకు కావాల్సిన నిలువు పోగులు, కొత్త పడుగు, చుట్ట చుట్టి తెచ్చింది. మగ్గం దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. దారాలు వరసగా దూరే దువ్వెన లాంటి పన్నె ఖాళీగా ఉంది.

"ఎవలు తీసిండ్రు?"

"నేనేనమ్మా" అంది మృదుల. "నేర్చుకోవడానికి నేసిన బట్ట కోశాక పాత దారాలు వేలాడుతుంటే కత్తిరించి శుభ్రం చేశాను."

తప్పు ఆమెది మాత్రమే కాదు. వేలాడే దారం కనబడితే కత్తిరించమనే మేం పిల్లలకు మొదట నేర్పేది. కానీ నేతగాళ్లు బట్ట కోశాక జానెడు పోగులను పన్నెలోనే వదులుతారు. కొత్త పడుగును ఆ కొసలకు అతికి లాగితే, అది పాత దారిలోనే వచ్చేస్తుంది. కొసలు లేకపోతే వెయ్యిన్ని ఇరవై పోగులను ఒక్కొక్కటిగా గుచ్చుకోవాలి.

మృదుల ఏడుపు మొదలుపెట్టింది. కొమురమ్మ పడుగు చుట్ట కింద పెట్టింది.

"మా ఊళ్లె గీ మాట ఎవలికీ చెప్పే పని వడలె. చిన్న పోరగాండ్లకు గూడ ఎర్కే. చెప్పకపోవుడు నా తప్పు. ఇగ ఏడ్వకు, దారం తడుస్తది. ముందట కూసో."

నేను పాత స్టీలు టేపు ముక్క కోసి, చివర గాటు పెట్టి, పన్నె సందుల్లో పట్టే కొక్కెం చేసిచ్చాను. వెనక నుంచి కొమురమ్మ పోగు అందిస్తుంది. ముందు నుంచి మృదుల కొక్కెంతో లాగుతుంది. రెండు రోజులు అదే పని. కొమురమ్మ పడుగు వంక చూడనైనా చూడకుండా వరస తప్పకుండా పోగులు అందించడం చూసి అడిగాను.

"కనబడుతుందా అమ్మా?"

"కండ్లకు ఆపరేషన్ అయింది తమ్మి, వేళ్లకు కాలె కద!"

మంగళవారం సాయంత్రం ఆమె పన్నె మీద గోరు ఒక చివర నుంచి గీస్తూ వచ్చి, మధ్యలో ఆపింది. "ఈడ ఒక ఇల్లు ఖాళీ ఉంది." నేను కళ్లద్దాలు పెట్టుకుని, టార్చి వేసి చూశాను. ఒక్క సందు, వెంట్రుకంత, నిజంగానే ఖాళీగా ఉంది. ముప్పై ఏళ్లుగా మిషన్ల చప్పుడు వినే లోపం పట్టేవాణ్ణి. గోటితో పట్టడం మాత్రం అదే మొదటిసారి చూడటం.

బుధ, గురువారాలు మృదుల నేసింది. చివరికి టేపు పెడితే తొంభై నాలుగు సెంటీమీటర్లు. గుచ్చడంలో పడుగు కొంత వృథా అయింది. ఇంకో నాలుగు వేళ్లు నేస్తే మీటరు పూర్తవుతుంది. కానీ అప్పుడు తర్వాతి పడుగును అతకడానికి చాలినంత పొడవు కొసలు మిగలవు.

"నెయ్యి బిడ్డ" అంది కొమురమ్మ. "పరీక్ష నీది. నేను మల్ల గుచ్చుకుంట."

మృదుల అడ్డపోగు వేసే నాడె చేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత దాన్ని పక్కన పెట్టి కత్తెర తీసుకుంది. పన్నెకు ఇవతల బట్ట కోసి, కొసలను గుప్పెడు గుప్పెడుగా ముడివేసింది.

మర్నాడు ఎగ్జామినర్ రెండుసార్లు కొలిచాడు. "మీటరు కదా రాశావు, మిగతాది ఏదమ్మా?"

"మగ్గం మీద ఉంది సార్."

ఆయన ఆరు మార్కులు కోశాడు. మృదుల గట్టెక్కింది.

తర్వాతి సోమవారం జూనియర్ల కోసం కొమురమ్మ మరో పడుగు తెచ్చింది. ఈసారి కొసలు ఆమె కోసం ఎదురు చూస్తున్నాయి. "జర బూడిద కావాలె" అంటే కింద ఇస్త్రీ బండి బొగ్గుల బూడిద తెచ్చిచ్చాను. ఆమె వేళ్లకు అద్దుకుని, పాత కొసనూ కొత్త పోగునూ కలిపి ఒక్క పురి తిప్పి వదిలేసింది. ముడి లేదు, జిగురు లేదు. మృదుల పక్కన కూర్చుని ఆ వేళ్లనే చూస్తోంది. ఒక్కటైనా ఎలా తిప్పుతుందో పట్టుకోలేకపోయింది. నేనూ అంతే.

పదింటికి కూర్చున్న కొమురమ్మ రెండింటికి లేచింది. "ఇగ గుంజు బిడ్డ, మెల్లగ."

మృదుల రెండు చేతులా లాగింది. వెయ్యిన్ని ఇరవై అతుకులు ఒకే వరసలో కదిలి పన్నెలోకి దూరి, ఇవతలకు వచ్చాయి. ఒక్కటీ ఊడలేదు. కొమురమ్మ కొంగుకు చేతుల బూడిద తుడుచుకుని, "చాయ్ చెప్పుండ్రి" అంది.