కానుగ నీడ నరికి పచ్చదనం నాటారు

మా చిన్నప్పుడు... చిలకలూరిపేటలో మా వీధి కానుగ చెట్టు కింద, ఎండాకాలమంతా ఆడవాళ్లు ఎండుమిరపకాయలకు తొడిమలు తీసేవారు. ఇంట్లో కూర్చుని చేసే పని కాదది... ఆ ఘాటుకు దగ్గు, కళ్లమంట. గాలీ కావాలి, నీడా కావాలి.

నీడ జరిగేకొద్దీ గోనెపట్టాలూ జరిగేవి. నీడ ఎవరి గడప ముందుకు చేరితే, ఆ పూట మంచినీళ్ల కడవ ఆ ఇంటి నుంచే రావాలి... అది మా వీధి కట్టుబాటు.

ఎదురింటి సువార్తమ్మ పనిలో పడితే, నీడ తప్పుకున్నా లేచేది కాదు.

"ఏమే సువార్తా! కాయలెట్టాగూ ఎండినయ్యి, నువ్వు గూడా ఎండాలనా?" అని మా అమ్మ గడపలోంచి కేకేసేది.

"నీడ మీ గుమ్మంలోకొచ్చిందిగా అక్కా! నీళ్లడుగుతానని ముందే అరుస్తన్నావు!"

తర్వాత నేను పట్టణ ప్రణాళిక చదువుకున్నాను... అదే నా వృత్తి. ప్రజల సంక్షేమాన్నీ, ప్రకృతి భరించగల హద్దునూ కలిపి చూడమంటుంది ఆ శాస్త్రం. నిరుడు మా వీధి సుందరీకరణపై మున్సిపాలిటీవాళ్లు సమావేశానికి పిలిస్తే వెళ్లాను.

రోడ్డు వెడల్పు కోసం కానుగను కొట్టేస్తారట. పర్యావరణం పేరిట డివైడర్ మీద అలంకారపు ఖర్జూర చెట్లు... వాటి కింద కాకికి కూడా నీడ దొరకదు. సంక్షేమం పేరిట మహిళలకు రేకుల షెడ్డు... మూడు వైపులా గోడలు. ఒక్క చెట్టు చేస్తున్న పనిని రెండు ముక్కలు చేసి, రెంటినీ పాడుచేసి, దానికి 'సమతుల్యత' అని పేరు పెట్టారు.

ఆ షెడ్డులో మిరపకాయల పని ఎలా సాగుతుందని అడిగాను.

"ఫ్యాన్లు పెట్టిస్తామండీ!"

మూసిన గదిలో, ఎండుమిరప రాశి మీద, ఫ్యాను! అంతటి తెలివిమీద కోపం కూడా దండగే. అభ్యంతరం రాసి ఇచ్చాను... తలలూపారు... చెట్టు కొట్టేశారు.

సువార్తమ్మ కూతురు కరుణకు ఇప్పుడు ఆ పనే బతుకుతెరువు. షెడ్డులో ఒక్క పూట కూర్చుని, దగ్గలేక బయటికొచ్చేసిందట. మొన్న వెళ్లినప్పుడు, రోడ్డు పక్కన 'మన పచ్చని పట్టణం' అని రాసిన పెద్ద ఫ్లెక్సీ వెనక, దాని నీడలో పట్టా పరుచుకుని కనిపించింది.

"ఇదన్నా పీకెయ్యకుండా ఉంచమని చెప్పక్కా, మీవాళ్లకి," అంది నవ్వుతూ.

ఒకప్పుడు మనుషులు కూర్చోవడానికి చెట్టు నాటేవారు... ఇప్పుడు ప్రారంభోత్సవం ఫొటోకు నాటుతున్నారు. మీ వీధిలో ఎండవేళ పనిచేసేవాళ్లు అప్పుడెక్కడ కూర్చునేవారు... ఇప్పుడెక్కడ కూర్చుంటున్నారు? ఒకసారి బయటికి వెళ్లి చూసొచ్చి చెప్పండి...