విన్నిపెగ్‌లో దొరికిన మేనత్త

నిన్న పొద్దున వర్క్ గ్రూప్‌లో సూపర్‌వైజర్ మెసేజ్ పెట్టాడు. "మాలియా ఇవాళ రావడం లేదు."

నేను బస్సులో ఉన్నాను. ఒక గ్లవ్ తీసి, థంబ్స్ అప్ కొట్టి, "ఆవిడ షిఫ్ట్ నేను కవర్ చేస్తా" అని రాశాను.

రెండో మెసేజ్ వచ్చేసరికి రెండు స్టాపులు దాటాయి.

నిద్రలోనే పోయారట.

ఆ థంబ్స్ అప్ ఇంకా అక్కడే ఉంది. తీసేయడానికి చేతులు రావట్లేదు.

తెలియనివాళ్ళ కోసం: మాలియా ఆంటీ మా కాలేజీ కెఫెటీరియాలో కుక్. నేను అక్కడే గిన్నెల శాఖకు మంత్రిని, పార్ట్ టైమ్. ఆవిడ పుట్టింది హవాయిలో. ప్రేమించినవాడి వెంట విన్నిపెగ్ వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. సముద్రాన్నీ ఎండనీ వదిలేసి మైనస్ ముప్పైలోకి ఇష్టపడి వచ్చిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ప్రేమ గుడ్డిదంటారు. దానికి చలి కూడా తెలియదు.

ఇక్కడ అందరినీ పేరు పెట్టే పిలవాలని మొదటి రోజు ఓరియెంటేషన్‌లో చెప్పారు. అరగంటలో నోరు జారాను. "ఆంటీ, ఈ ట్రే ఎక్కడ పెట్టాలి?"

ఉద్యోగం ఊడిందనుకున్నా. ఆవిడ గరిటె కింద పెట్టి నా వంక చూశారు. (ఆవిడ ఇంగ్లీషు, నా తెలుగులో.) "మా దీవిలో పెద్దవాళ్ళందరూ ఆంటీలే. ఈ ఊళ్ళో నన్నలా పిలిచింది నువ్వే."

ఆ రోజు నుంచి నా ప్లేట్లో అన్నం గుట్టలాగే ఉండేది.

ఇక అసలు కథ.

నేను ఉండే బేస్‌మెంట్‌లో పక్క గది శ్రీకాంత్ అన్న, దివ్య వదినలది. అన్న నా క్లాస్‌మేటే, వయసులో పెద్ద. పోయిన చలికాలంలో వాళ్ళకి పాప పుట్టింది. కాకినాడ నుంచి వదిన వాళ్ళమ్మగారు ఫోన్‌లో తీర్పు ఇచ్చారు. "భరణి మూడో పాదం. 'లే'తో మొదలయ్యే పేరే పెట్టాలి."

'లే'తో ఏమున్నాయి? లేఖ ఉంది. అన్నకి ఇంటర్‌లో ఒక లేఖ ఉంది. వదిన ఆ పేరు కొట్టేసింది. నేను లేపాక్షి అన్నాను. నన్ను కమిటీ నుంచి తీసేశారు.

చివరికి ఒక వెబ్‌సైట్‌లో దొరికింది: లేలానీ. హవాయి పేరు. ఆకాశపు పూలదండ అని అర్థం. ఇద్దరికీ తెగ నచ్చేసింది. మ్యాప్‌లో హవాయి ఎక్కడుందో అన్నకి తెలియదు, అది వేరే సంగతి.

మెచ్చుకుంటారని గొప్పగా వెళ్ళి ఆంటీకి చెప్పాను. ఆవిడ ఉల్లిపాయ కోయడం ఆపలేదు.

"ఎవరిచ్చారు ఆ పేరు?"

"వెబ్‌సైట్, ఆంటీ."

"ఓహో. డోనట్ ఏరుకున్నట్టు ఏరుకున్నారన్నమాట."

తర్వాత నెమ్మదిగా చెప్పారు. వాళ్ళింట్లో పేరు ఏరుకునేది కాదు, పెద్దవాళ్ళు ఇచ్చేది. ఆవిడ పేరు వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిందట. "పెట్టుకోండి, ఆపడానికి నేనెవరిని? ఇక్కడ కుక్కలకి కూడా మా పేర్లు పెట్టుకుంటున్నారు. కానీ రేపు ఆ పిల్ల, నాకీ పేరెందుకని అడిగితే ఏం చెబుతారు? లిస్టులో ఉందనా?"

ఇంటికొచ్చి ఆ మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పాను. బుద్ధి ఉన్నవాడు చేసే పని కాదు. వదిన ముఖం చిన్నబోయింది. "ఎవరి ఇంట్లోదో చెప్పకుండా తెచ్చుకున్నట్టుంది. వద్దులే."

బర్త్ రిజిస్ట్రేషన్ ఫారం ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉండిపోయింది, పేరు గడి ఖాళీగా. అన్నీ నింపిన ఫారాలతోనే ఈ దేశం వచ్చినవాళ్ళం. ఆ ఒక్క గడి దగ్గర ఆగిపోయాం. పాపని పిలవడానికి ఏదో ఒకటి కావాలి కదా, "పువ్వు" అనడం మొదలుపెట్టాం.

బారసాల దగ్గరపడింది. పాప చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. అన్న వాళ్ళక్క ఖమ్మంలో ఉంది. విజిటర్ వీసా రిజెక్ట్. చెప్పడానికి మనిషి లేదు, చెబుదామంటే పేరూ లేదు.

అప్పుడు నా జీవితంలోని ఏకైక మంచి ఐడియా వచ్చింది.

"వదినా, ఆంటీ అంటే తెలుగులో అత్తే కదా?"

మర్నాడు వదిన పాపని దుప్పట్లో చుట్టుకుని తనే కెఫెటీరియాకి వచ్చింది. లేలానీ మాట ఎత్తలేదు. "మా పాపకి మేనత్త కావాలి. మీరు ఉంటారా? మీకు ఏ పేరు ఇవ్వాలనిపిస్తే అదే ఇవ్వండి. అక్షరం కుదరకపోతే మా అమ్మకి నేను చెప్పుకుంటా."

ఆంటీ పాపని ఎత్తుకున్నారు. ప్రస్తుతానికి ఏమని పిలుస్తున్నారని అడిగారు. పువ్వు అన్నాం, అర్థం చెప్పాం.

"మా భాషలో పువ్వుని పూఆ అంటారు," అన్నారు.

పాపని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయారు. వెనక స్టవ్ మీద సూప్ మాడింది. ఆవిడ చేతిలో ఏదైనా మాడటం నేను చూసింది అదొక్కసారే.

బారసాల ఆదివారం మధ్యాహ్నం. కాకినాడ వీడియో కాల్‌లో ఉంది. ఆంటీ పెద్ద పెద్ద పువ్వుల గౌను వేసుకొచ్చి, మోకాళ్ళు తిట్టుకుంటూ చాప మీద కూర్చున్నారు. పళ్ళెంలో బియ్యం పోసుకుని, అన్న ఉంగరం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఏం రాయాలో తెలియదు. సప్లీ పరీక్షలో పక్కవాడి పేపర్ కోసం చూసినట్టు ఆవిడ వంకే చూస్తున్నాడు.

ఆవిడ పాప చెవిలో మూడుసార్లు చెప్పి తలెత్తారు.

"లేలానీ."

వదిన ఏడ్చేసింది. ఆంటీ తన పని తాను చేసుకుపోతున్నట్టే అన్నారు. "ఇప్పుడిది ఏరుకున్న పేరు కాదు, ఇచ్చిన పేరు. ఎందుకు పెట్టారని అది అడిగిన రోజు నా దగ్గరికి పంపండి. ఎక్కడి పేరో, ఎలా పలకాలో నేను చెబుతాను. ఆ పని నాది."

కాకినాడ అమ్మమ్మగారు, "లీలారాణా? లక్షణంగా ఉంది" అన్నారు. ఎవరూ సరిదిద్దలేదు.

ఆ సాయంత్రమే గడి నిండింది.

పువ్వుకి ఇంకా ఏడాది నిండలేదు. అడిగే వయసు కాదు. నిన్న వదిన ఫోన్‌లో ఆంటీ ఫోటో చూపిస్తే, స్క్రీన్ మీద చెయ్యి వేసి "త్తా" అంది. దానికి వచ్చిన మాటలు మూడు. వాటిలో అదొకటి.

ఆంటీ, ఆ థంబ్స్ అప్ తీసేయను. ఆ మెసేజ్ కూడా.

పువ్వు అడిగిన రోజు మీ షిఫ్ట్ నేను కవర్ చేస్తా. మీరెలా పలికారో అలాగే పలుకుతా, ఇప్పటి నుంచే ప్రాక్టీస్ చేస్తున్నా.

చలి లేని చోట ప్రశాంతంగా ఉండండి, అత్తా.