పాయింట్లు రాని పని

తెనాలిలో మా ఆఫీసంటే ఒక టిఫిన్ హోటల్ మీద అద్దెకు తీసుకున్న రెండు గదులు. పొద్దున్నే పెసరట్ల వాసన మెట్లెక్కి పైకొచ్చేది. మేం ముగ్గురం. నాది ఈ ఊరే. నా ఈడువాడే ఒకతను రేపల్లె నుంచి పాసింజర్‌లో వచ్చేవాడు. బాపట్ల నుంచి అక్క వచ్చేది. వరసకేమీ కాదు, మాకంటే పదేళ్లు పెద్దది కాబట్టి అలా పిలిచేవాళ్లం. ఆసుపత్రుల్లో రక్తపరీక్షల రిపోర్టులిచ్చే సాఫ్ట్‌వేర్ మాది. మేమిద్దరం రాస్తే అక్క పరీక్షించేది.

అక్క సగం రోజు సీట్లో ఉండేది కాదు. ఊళ్లోని ఆసుపత్రికెళ్లి నర్సుల పక్కన కూర్చుని, వాళ్లెక్కడ తడబడుతున్నారో చూసొచ్చేది. వచ్చి మా పనిలో తప్పులు పట్టి వెనక్కిచ్చేది. అప్పట్లో విసుక్కునేవాణ్ని. ఆ వాదులాటలు, మధ్యలో ఆవిడ డబ్బా విప్పి కలిపిపెట్టే గోంగూర ముద్దలు, ఇప్పుడు తలుచుకోని రోజు లేదు.

తర్వాత హైదరాబాదులోని మా హెడ్డాఫీసుకి కొత్త మేనేజరొచ్చారు. రెండు వారాల్లో ఎంత పని పూర్తవుతుందో తెలియడానికి పనికిన్ని పాయింట్లని మేం అంచనా వేసుకునేవాళ్లం. ఆయన వాటిని మనిషి మనిషికీ లెక్కగట్టి చార్టు వేయించారు. అంతే, మేం మారిపోయాం. మూడు పాయింట్ల పనికి ఐదు వేసేవాళ్లం. రేపల్లె అతను ఎక్కడైనా చిక్కుకుంటే ఇదివరకు పక్కన కూర్చునేవాణ్ని. ఇప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. చార్టులో నా గీతే అందరికంటే పొడుగు. చూసుకుని మురిసిపోయాను కూడా.

తప్పులు పట్టడానికి పాయింట్లు లేవు కాబట్టి అక్క గీత ఎప్పుడూ పొట్టిదే. ఒకరోజు వీడియో కాల్‌లో అందరి ముందూ మేనేజరు అదెందుకని అడిగారు. అక్క గొంతు పెంచలేదు.

"నేను ఆపిన తప్పులు ఆ చార్టులో ఎక్కడ కనపడతాయండి?"

ఆయన తర్వాతి విషయానికి వెళ్లిపోయారు. నేను నోరు విప్పలేదు. రెండు నెలలు తిరక్కుండా అక్క మానేసి, బాపట్లలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది.

కొన్నాళ్లకి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ల రిపోర్టులు తారుమారయ్యాయి. మందులు మొదలెట్టకముందే నర్సుకి అనుమానమొచ్చి ఆపింది కాబట్టి గండం గడిచింది. సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగం రాసింది నేనే. పేరుతోపాటు రోగి నంబరు కూడా సరిచూడాలని అక్క ఎప్పుడో చెప్పింది. పాయింట్ల తొందరలో వదిలేశాను.

సాయంత్రానికి సరిచేశాం. మర్నాడు మేనేజరుకి ఉన్నదున్నట్టు చెప్పాను, నా గీత ఎలా పెరిగిందో సహా. ఆయన ఆ చార్టు తీసేయించి, అక్కని మళ్లీ అడిగి చూడమన్నారు.

ఆదివారం బాపట్ల వెళ్లాను. అక్క అప్పుడే చర్చి నుంచి వచ్చింది. అంతా విని, ముందు అడిగింది ఆ ఇద్దరు ఆడవాళ్ల గురించే. బాగానే ఉన్నారన్నాను. కాల్‌లో మాట్లాడనందుకు క్షమించమన్నాను.

"ఆ రోజు నువ్వొక్క మాట అంటావేమోనని చూశాను తమ్ముడూ."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. మళ్లీ రమ్మంటే, కాలేజీ పిల్లలు అలవాటయ్యారు, ఇక రానులే అంది. తనే స్కూటీ మీద స్టేషన్‌లో దింపి, నా రైలు వచ్చేదాకా నిలబడింది.