గెడ్డ దాటి వచ్చిన తలుపు

డిప్లొమా చేతికొచ్చిన ఏడాది అరకు కొండల్లో నాకో ఉద్యోగం దొరికింది. ఊటనీళ్ల పైపులైను కోసం ఇళ్ల జాబితా రాయడం. మా పంచాయతీకి హద్దు గెడ్డ, అంటే కొండవాగు. గెడ్డకి ఇవతలి ఇళ్లకే మా కుళాయిలు, నాలుగైదిళ్లకి ఒకటి. అవతలివి పక్క పంచాయతీ చూసుకోవాలి.

ప్రతి తలుపు మీదా పంచాయతీ మొదటి అక్షరం, ఇంటి నంబరు పెయింటుతో రాసి ఉండేవి. వాటిని చూసి వరసగా ఎక్కించాను. పై వరసలో చివరి ఇంటికి పక్క పంచాయతీ అక్షరం ఉంది. ఇల్లు గెడ్డకి ఇవతలే ఉన్నా, అక్షరం చూసి వదిలేశాను.

పైపులు దించిన రోజు ఆ ఇంటి ముసలమ్మ బిందెతో వచ్చింది.

"ఏటి బాబూ, పైపు నా గుమ్మం దాకా రాదేటి? ఈ మోకాళ్లతో గెడ్డకి దిగనేను."

"మీ నంబరు అవతలి పంచాయతీది కదమ్మా."

"నంబరు తలుపుది. మా ముసిలోడు సెక్కిన తలుపు. ఆడు పోయినాక గెడ్డ దాటొచ్చి కూతురి పక్కన ఇల్లేసుకున్నాను. గోడలొగ్గేసినాను గానీ తలుపెలాగ ఒగ్గేత్తాను?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "ఇంజినీరు బాబు తలుపులకి నీళ్లిత్తన్నారర్రా, మనుసులకి కాదు!"

అక్కడ ఇల్లు మారితే మట్టిగోడలు కొత్తగా లేపుకుంటారు, తలుపు మాత్రం మోసుకెళ్తారు. ఆ సంగతి ఏ పాఠంలోనూ లేదు.

పంచాయతీ కార్యదర్శి తేలిగ్గా తేల్చేశారు. "పాతది చెరిపి మన నంబరు వేయవయ్యా. గ్రామసభలో తీర్మానం నేను రాస్తాను."

కిరసనాయిలు, గుడ్డ పట్టుకుని వెళ్లాను. ముసలమ్మ తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"అది ఆడుండగా ఏసిన నంబరు. సెరపడానికి నేదు."

అలవాటు కొద్దీ టేపు తీసి తలుపు కొలిచాను. అప్పుడు గమనించాను: తలుపు పాతది, ద్వారబంధం కొత్తది. అల్లుడు ఇక్కడి కర్రతో చేసి ఇక్కడే పాతాడు. మా నంబరు దాని మీద రాశాను. తర్వాత జాబితా అంతా తిరగరాసి, ప్రతి ఇంటికీ నంబరు ద్వారబంధం మీదే వేయించాను.

గ్రామసభలో అభ్యంతరాలు అడిగితే ఒకాయన లేచాడు. "కుళాయి నా ఇంటికన్నా ఆయమ్మకే దగ్గరైపోతాది. అదొక్కటే బాధ." అందరూ నవ్వుతూనే చేతులెత్తారు.

నీళ్లొచ్చిన రోజు ముసలమ్మ మొదటి బిందెతో తలుపు కడిగింది. పాత నంబరు మీద చుక్క పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను రాసింది మాత్రం నిండా తడిసింది.